ఆ రోజు మార్చని గ్లవ్స్

నేను పనిచేసే దవాఖాన గోదావరిఖని చౌరస్తా నుంచి రెండు సందులు లోపలికి ఉంటుంది. చిన్న ప్రైవేటు దవాఖాన. బొగ్గు బావుల్లో పర్మినెంటు నౌకరి ఉన్నవాళ్లకు కంపెనీ దవాఖాన వేరే ఉంది కాబట్టి మా దగ్గరికి కాంట్రాక్టు పనివాళ్లు, ఆటోలు నడిపేవాళ్లు, మంథని వైపు ఊళ్ల రైతులు, కూలీలు వస్తారు. ఆడవాళ్ల వార్డులో ఎనిమిది మంచాలు. పదకొండేళ్లుగా ఆ ఎనిమిది మంచాల మధ్యే తిరుగుతున్నాను. పొద్దున డ్యూటీకి వెళ్లగానే తడిబట్ట తీసుకుని కిటికీ గట్లు తుడిచేదాన్ని. ఓపెన్‌కాస్టు గని దుమ్ము మధ్యాహ్నానికి మళ్లీ నల్లగా పేరుకునేది, మళ్లీ తుడిచేదాన్ని. అది నా పని కాదు, ఎవరూ చెప్పలేదు. శుభ్రం విషయంలో నాకు చాదస్తమని తోటి సిస్టర్లు నవ్వేవాళ్లు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

నా భర్త బొగ్గు గనిలో అండర్‌గ్రౌండ్‌లో పనిచేస్తాడు. రెండేళ్ల కింద ఆయనను కొత్తగూడెం బదిలీ చేశారు. పదిహేను రోజులకోసారి వచ్చి ఒకటిన్నర రోజు ఉండి వెళ్లేవాడు. మాకు పిల్లలు లేరు. రెండు గదుల అద్దె ఇంట్లో నేనొక్కదాన్నే. బావిలోకి దిగితే ఫోను ఉండదు, పైకి వచ్చాక అలసిపోయి ఉంటాడు. "తిన్నవా?" అని ఆయన అడగడం, "తిన్న, నువ్వు?" అని నేనడగడం, అంతే మాట. అదేమీ పెద్ద బాధ అనుకునేదాన్ని కాదు. వార్డులో పొద్దంతా మనుషులే కదా.

వానాకాలంలో ఒక ముసలావిడ వచ్చింది. మంథని దగ్గర ఊరు. నాట్లకు పోయినప్పుడు కాలికి ముల్లు దిగిందట, పట్టించుకోలేదు. షుగరు ఉందని ఆమెకే తెలియదు. మా దగ్గరికి వచ్చేసరికి చిటికెన వేలు నల్లబడి, పాదం వాచి, చీము పట్టింది. డాక్టరుగారు చీము పరీక్షకు పంపించి, వార్డులో మూడో మంచం ఇచ్చారు. కూతురు టౌన్‌షిప్‌లో ఊడ్చే పనికి పోతుంది. పొద్దున అన్నం గిన్నె పెట్టి పోయి, సాయంత్రం వచ్చేది. పగలంతా ఆ అవ్వ ఒక్కతే పడుకుని పైకి చూస్తూ ఉండేది. నాలుగో మంచంలో ముప్పై ఐదేళ్ల ఒకామె. గర్భసంచి తీసేసి అప్పటికి ఒక్క రోజైంది.

అది జరిగింది అవ్వ వచ్చిన మర్నాడు, మధ్యాహ్నం షిఫ్టులో. వార్డులో ఇద్దరం ఉండాలి. నాతో ఉన్న సిస్టరు ఒక పేషెంటును తీసుకుని ఆపరేషన్ థియేటరుకు పోయింది. నేను అవ్వ కాలికి డ్రెస్సింగు చేస్తున్నాను. గ్లవ్స్ నిండా చీము. అప్పుడే నాలుగో మంచం పక్కన నిలబడ్డ ఆమె భర్త గట్టిగా అరిచాడు.

"సిస్టర్! సీసా ఐపోయింది! రక్తం పైకస్తున్నది, జల్ది రా!"

తిరిగి చూశాను. సెలైను అయిపోయి ట్యూబులోకి ఎర్రగా రక్తం ఎక్కుతోంది. నిజానికి అది పెద్ద ప్రమాదం కాదు. కాని ఆయన కంగారు, ఆమె భయం చూస్తే నాకూ కంగారు వచ్చింది. కొత్త గ్లవ్స్ డబ్బా, చేతులు కడిగే సింకు రెండూ తలుపు దగ్గర, వార్డు ఆ చివర. ఆమె మంచం నాలుగు అడుగుల్లో ఉంది. వెళ్లిపోయాను. క్లిప్పు మూసి, సీసా మార్చి, రక్తం మళ్లీ లోపలికి పోయేదాకా చూశాను. భయంతో ఆమె పక్కకు ఒత్తిగిలితే పొట్ట మీద ప్లాస్టరు ఒక మూల లేచింది. దాన్ని వేలితో నొక్కి అతికించాను.

తిరిగి వచ్చి అవ్వ కట్టు పూర్తి చేశాను. గ్లవ్స్ తీసి దవాఖాన చెత్తకు పెట్టిన పసుపు రంగు బుట్టలో వేసి, సింకు దగ్గర మోచేతుల దాకా కడుక్కున్నాను. వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు, అన్నీ ఒక వరుసలో. చాలా శ్రద్ధగా కడుక్కున్నాను. అప్పటికి కడిగి లాభం లేదు.

నాకు అప్పుడు తెలియలేదని చెప్పుకోవచ్చు. అబద్ధమవుతుంది. ప్లాస్టరు మూల మీద వేలు పెట్టినప్పుడే తెలిసింది. ఆ ప్లాస్టరు అప్పుడే విప్పేసి, కుట్లు శుభ్రం చేసి, డాక్టరుగారికి ఒక మాట చెప్తే సరిపోయేది. కాని ఆమె భర్త "థాంక్స్ సిస్టర్, దేవునోలె వచ్చినవ్" అంటున్నాడు. ఏమీ కాదులే అనుకున్నాను.

తర్వాతి రోజు సాయంత్రం అవ్వ చీము రిపోర్టు వచ్చింది. మామూలు మందులకు లొంగని క్రిమి అది. వెంటనే ఆమెను వరండా చివర ఉన్న విడి గదికి మార్చారు. లోపలికి పోయేవాళ్లు ఏప్రాను, గ్లవ్స్, మాస్కు వేసుకోవాలి, బయటికి వచ్చేముందు తీసేయాలి, చేతులు కడగాలి. ఆమె వాడిన గిన్నె, గ్లాసు, బీపీ మిషను ఏవీ ఆ గది దాటకూడదు. తలుపు మీద ఆ కాగితం అంటించింది నేనే.

రెండు రోజుల తర్వాత అవ్వ నన్ను అడిగింది. నేను మాత్రలు, నీళ్ల గ్లాసు స్టూలు మీద పెట్టి ఒక అడుగు వెనక్కి జరిగాను.

"నన్నెందుకు బిడ్డా ఎల్లగొట్టిన్రు?"

"ఎల్లగొట్టలేదవ్వా. ఇది మంచి గది. ఒక్కదానివే ఉండొచ్చు."

"ఒక్కదాన్ని ఉండుడు మంచిదాయె మల్ల!" అంది. గ్లాసు వైపు చూస్తూ చెప్పింది. "మా సిన్నప్పుడు బాయికాడ దోసిలి పట్టుమనేటోళ్లు. మీదికెల్లి నీళ్లు పోసేటోళ్లు. సెంబు తాకనియ్యకపోయేటోళ్లు. నువ్వు గిలాస ఆడ పెట్టి ఎనుకకు జరిగినవ్ సూడు, గట్లనే అనిపించింది."

నేను ఎన్నోసార్లు ఆ నియమాలు చదివాను, కొత్తగా వచ్చిన సిస్టర్లకు చెప్పాను. మంచం మీద పడుకుని చూస్తే అవి ఎలా కనిపిస్తాయో ఎన్నడూ ఆలోచించలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"నువ్వేం తప్పు చెయ్యలేదవ్వా. నీ కాలి పుండుల ఒక పురుగున్నది. కంటికి కానరాదు. అది నా చేతులకంటి ఇంకొకరి పుండుల పడితె వాళ్లకు కష్టమైతది. అందుకే ఈ గ్లవ్స్, ఈ గది. నువ్వు ఎవలివని కాదు."

ఆమె ఆలోచించింది. "అంటె మోసుకపోయేది నీ చేతులన్నట్టు. నా కాలు ఈన్నే ఉంటది గదా."

"అవును. మా చేతులే."

"ఊఁ" అంది. మాత్రలు వేసుకుని గ్లాసు నా చేతికే ఇచ్చింది.

మేం వేసుకునే మాస్కు కూడా తనకు నచ్చలేదని చెప్పింది. ఎవరు వచ్చారో ముఖం తెలియడం లేదట. డాక్టరుగారిని అడిగితే, ఆ క్రిమి పుండు నుంచి చేతుల ద్వారా పోయేదే, డ్రెస్సింగు చేసేటప్పుడు మాస్కు చాలు, మాట్లాడేటప్పుడు అక్కర్లేదన్నారు. ఆ తర్వాత నేను మాస్కు తీసి ఆ గదిలో పది నిమిషాలు కూర్చునేదాన్ని. ఆమె తన ఊరి సంగతులు చెప్పేది. వార్డులోని మిగతా పని అంతా అయ్యాక, చివరన ఆ గది.

ఆపరేషనైన ఆరో రోజు నాలుగో మంచం ఆమెకు జ్వరం వచ్చింది. కట్టు విప్పితే కుట్ల దగ్గర ఎర్రగా ఉబ్బి, ఒక మూల నుంచి చీము వస్తోంది. నేను ప్లాస్టరు నొక్కిన వైపే. పరీక్షకు పంపించారు. రిపోర్టు రావడానికి పట్టిన ఆ రెండు రోజులు నేను ఇంట్లో అన్నం వండుకోలేదు. రిపోర్టు వచ్చిన పొద్దున మా హెడ్ సిస్టరు రెండు కాగితాలు టేబులు మీద పక్కపక్కన పెట్టి చూస్తోంది. రిటైరుమెంటు దగ్గర పడ్డ మనిషి, మా అందరికీ పెద్ద దిక్కు. రెండింట్లోనూ అదే క్రిమి పేరు. పనిచేసే మందులు అవే, పనిచేయని మందులు అవే.

"వార్డులనే అంటుకున్నది," అంది నెమ్మదిగా. "ఎట్లనో ఎరుక గావాలె."

విడి గది ఒక్కటే కాబట్టి నాలుగో మంచం చుట్టూ తెర కట్టి, అక్కడా అవే నియమాలు పెట్టారు. ఆ సాయంత్రం మా ఆయన ఫోను చేశాడు. చెప్పాలనుకున్నాను. వెనక షిఫ్టు బస్సు హారను, మనుషుల గోల వినిపిస్తోంది. "తిన్నవా?" అన్నాడు. "తిన్న," అన్నాను. "గొంతేంది గట్లున్నది?" "వానకు జర పడిశం పట్టింది." "గోలి వేస్కో," అని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున డ్యూటీ మొదలుకాకముందే హెడ్ సిస్టరు దగ్గరికి వెళ్లి నిలబడి ఉన్నదంతా చెప్పాను. ఆమె అంతా విన్నాక అడిగింది.

"అప్పుడు గ్లవ్స్ డబ్బా ఏడున్నది?"

"తలుపుకాడ, ట్రాలీ మీద."

"వార్డుల ఎంతమందున్నరు?"

"నేనొక్కదాన్నే."

"కాయితం రాసియ్యి, దాంట్ల ఇవి గూడ రాయి. నువ్వు చేసింది రాయి, డబ్బా ఏడున్నదో రాయి, ఒక్కదానివే ఉన్నవని రాయి. నిన్ను నువ్వు కాపాడుకునుడుకు కాదు. మల్ల గిట్ల కావొద్దంటె ఏం మార్చాలెనో తెల్వాలె గదా."

డాక్టరుగారు మాత్రం చిరాకు పడ్డారు. "నీ చేతులే అని రుజువేంది? పక్క పక్క మంచాలు. వాళ్ల మనిషి ముట్టొచ్చు, దుప్పటి తగలొచ్చు. ఎందుకు మీదేసుకుంటవ్?" ఆయన చెప్పిందీ నిజమే. నేనే కారణమని ఈ రోజుకీ ఎవరూ తేల్చి చెప్పలేరు. కాని ఏం చేశానో నాకు తెలుసు. రాశాను.

నాలుగో మంచం ఆమెకూ చెప్పాలని హెడ్ సిస్టరు పట్టుబట్టింది. ముగ్గురం వెళ్లాం. డాక్టరుగారు "ఇన్ఫెక్షన్ అనేది ఒక్కోసారి..." అని మొదలుపెట్టారు. ఆ మాటల్లో ఆమెకు ఏమీ అర్థం కావడం లేదని ముఖం చూస్తే తెలుస్తోంది. నేనే అందుకున్నాను.

"అక్కా, ఆ దినం నీ సీసా మార్చిన చూడు, అప్పుడు నా చేతులకు ఇంకొకామె పుండు గ్లవ్స్ ఉండె. తియ్యకుండనే వచ్చిన. నీ ప్లాస్టరు ముట్టిన. అది నీకు అంటుకొని ఉండొచ్చు. తప్పు నాది."

ఆమె భర్త లేచి నిలబడ్డాడు. "నేను నిన్ను దేవుడంటిని గదనే! మేమేం పాపం చేసినం నీకు? ఇంటికాడ ఇద్దరు పిల్లలున్నరు!" ఇంకా చాలా అన్నాడు. అన్నీ నిలబడి విన్నాను. ఆమె మాత్రం నన్ను చూడలేదు. గోడ వైపు తిరిగి, "ఈమెను నా దిక్కు రానియ్యకున్రి," అంది. అంతే. ఆ తర్వాత ఆమె మంచం దగ్గరికి నేను పోలేదు. ఆమె పిలిస్తే వేరే సిస్టరు వెళ్లేది. నేను మిగతా ఏడు మంచాలు చూసుకునేదాన్ని.

వారం తిరక్కముందే వార్డులో మార్పులు మొదలయ్యాయి. ప్రతి మంచం కాళ్ల దగ్గర గ్లవ్స్ డబ్బా, చేతులకు రాసుకునే మందు సీసా తగిలించారు. డ్రెస్సింగు ఇద్దరు ఉన్నప్పుడే చేయాలన్నారు. ఎవరు ఏ డ్రెస్సింగు చేశారో సంతకం పెట్టే కాగితం వచ్చింది. చేతులు ఎప్పుడు కడుగుతున్నామో హెడ్ సిస్టరు మూల నిలబడి చూసేది. ఇవన్నీ ఎప్పుడో ఉండాల్సినవి. కాని నా తర్వాత వచ్చాయి కాబట్టి నా వల్ల వచ్చాయని అందరూ అనుకున్నారు.

మధ్యాహ్నం మేం నలుగురం డబ్బాలు విప్పుకుని కలిసి తినేవాళ్లం. ఒకరి పచ్చిపులుసు ఇంకొకరికి, నా పప్పు అందరికీ. ఒకరోజు నేను వెళ్లేసరికి తినడం అయిపోయి డబ్బాలు కడుగుతున్నారు. మర్నాడూ అంతే. థియేటరుకు పోయిన సిస్టరు నాకు అందరికంటే దగ్గరి మనిషి. ఆమెనే అడిగాను, నా మీద కోపమా అని.

"కోపమేంలేదు," అంది టవలుతో చేతులు తుడుచుకుంటూ. "ఎన్నడో ఒకనాడు అందరం గట్ల చేసినోళ్లమే. నువ్వు రాసినవ్. ఇప్పుడు మేము దాసుకున్నోళ్లమైనం. నేను థియేటరుకు పోయిన్నని గూడ రాసినవట."

"నీ తప్పని రాయలే. ఒక్కదాన్నే ఉన్ననని రాసిన."

"రెండూ ఒక్కటే గదా," అని వెళ్లిపోయింది.

అప్పటి నుంచి దుప్పట్లు పెట్టే గదిలో తినేదాన్ని. ఉతికిన గుడ్డల వాసన మధ్య, మూట మీద కూర్చుని. ఎవరూ నన్ను తిట్టలేదు. పని వరకు మాట్లాడేవాళ్లు. "ఐదో మంచం బీపీ చూసినవా?" "చూసిన." ఇంటికి వచ్చాక కూడా గదిలో ఆ రెండు ముక్కలే తిరుగుతూ ఉండేవి. ఒక ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని, పాలవాడు పలకరిస్తే గాని తెలియలేదు.

ఆ రోజుల్లో నాతో మామూలుగా మాట్లాడింది చివరి గదిలోని అవ్వ ఒక్కతే. ఆమెకు జరిగిన సంగతులు తెలియవు కాబట్టే అలా ఉందనుకున్నాను. ఒకరోజు డ్రెస్సింగు చేస్తూ ఆమెకూ చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించింది.

"నాకెరుకే," అంది ఆమె. "ఆ దినం నేను సూసిన."

"చూసినవా? ఏం చూసినవ్?"

"నా చీము చేతులతోని ఆమె దిక్కు ఉరికినవ్. ఆమె కడుపు మీద పట్టీ ఒత్తినవ్. అయ్యో అనుకున్న."

"మరి నన్ను పిలవకపోతివి అవ్వా! ఒక్క కేక వేస్తే ఆగుదును గదా!"

ఆమె నన్ను ఆశ్చర్యంగా చూసింది. "నిన్నా? నేనా? దవాఖానల సిస్టరమ్మను నేనేమని అడుగుత బిడ్డా? గిన్నేండ్లల ఎవలినన్న గట్ల అడిగిన్నా? తిడ్తరేమో అనుకున్న. నీ నౌకరి పోతదేమోనని గూడ అనుకున్న."

కట్టు కట్టడం పూర్తి చేశాను. గ్లవ్స్ తీసి, చేతులు కడుక్కుని, మళ్లీ వచ్చి కూర్చున్నాను. "ఇప్పటిసంది అడుగు," అన్నాను. "ఎవలొచ్చినా అడుగు. చేతులు కడిగినవా అని అడుగు. డాక్టరునైనా సరే. తిట్టరు. తిడితె నాకు చెప్పు."

"అడుగొచ్చంటవా?"

"అడుగాలె."

మొదటి రోజు భయపడుతూ నన్నే అడిగింది. రెండో రోజు ఊడ్చే ఆమెను. మూడో రోజు రౌండుకు వచ్చిన డాక్టరుగారు కాలు చూడటానికి వంగగానే, "చేతులు కడిగినవా సారూ?" అంది. ఆయన బిత్తరపోయి, "కడిగినవ్వా" అన్నారు. "నేను సూడలే. మల్ల ఒక్కపారి కడుగు." ఆయన నవ్వుతూ సింకు దగ్గరికి పోయారు. ఆ సంగతి చెప్పుకుని వార్డంతా నవ్వింది. నేను అక్కడికి వెళ్లగానే ఆ నవ్వు ఆగింది.

నాలుగో మంచం ఆమెకు ఇంజెక్షన్లు పనిచేశాయి. మూడు వారాలు పట్టింది, కాని కుట్లు మానాయి. ఆటో ఎక్కే రోజు ఆమె భర్త మిగతా సిస్టర్లందరికీ చెప్పి వెళ్లాడు. నేను వరండాలో స్తంభం పక్కన నిలబడ్డాను. ఆమె మెట్లు దిగుతూ పొట్టకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. మానిన పుండు కూడా కొన్నాళ్లు లాగుతూ ఉంటుంది.

ఆ తర్వాత అవ్వ కూడా వెళ్లింది. చిటికెన వేలు తీసేయాల్సి వచ్చింది, పాదం దక్కింది. కూతురు భుజం పట్టుకుని కుంటుకుంటూ పోతూ, "నువ్వొక్కదానివే కూసుంటవెందుకు? వాళ్లతోని కలువు," అంది. ఆమె అది ఎప్పుడు గమనించిందో నాకు తెలియదు. మిగతా డ్రెస్సింగులు వాళ్ల ఊరి దగ్గరే చేయించుకున్నారు. మళ్లీ ఆమెను చూడలేదు.

వాళ్లు వెళ్లాక గది కడిగాం. పరుపు, మంచం చట్రం, తలుపు గొళ్లెం, స్విచ్చులు, సెలైను కడ్డీ, నేను కూర్చున్న స్టూలు, అన్నీ బ్లీచింగు నీళ్లతో తుడిచాం. తెర విప్పి ఉతకడానికి పంపాం. ఆ గదిలో ఒక మనిషి ఉందన్న జాడ ఏదీ మిగలకుండా చేయడమే ఆ పని. బాగానే చేశాను. బయటికి వచ్చి తలుపు మీద కాగితం చించేశాక చాలాసేపు ఎటు పోవాలో తెలియలేదు.

దసరాకు మా ఆయన నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. రెండో రోజు చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ విన్నాడు.

"ఫోన్ల చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె?"

ఆయన అన్నం గిన్నె నా వైపు జరిపి, "రాసినవ్ గదా. మంచి పని చేసినవ్," అన్నాడు. ఆ సాయంత్రం నాతో పాటు గోదావరి బ్రిడ్జి దాకా నడిచాడు. సెలవు అయిపోయాక బస్సెక్కి వెళ్లిపోయాడు.

తోటి సిస్టర్లు మెల్లగా మాటలు కలిపారు. చలికాలం వచ్చేసరికి మళ్లీ అందరం ఒక దగ్గరే తింటున్నాం. పచ్చిపులుసు మళ్లీ నా డబ్బా మూతలోకి వస్తోంది. కాని నేను గదిలోకి రాగానే కొన్ని మాటలు మారుతాయి. దానికి నేను అలవాటు పడ్డాను. కొత్తగా చేరినవాళ్లకు చేతుల శుభ్రం గురించి చెప్పే పని హెడ్ సిస్టరు నాకే ఇచ్చింది. మొదట నా సంగతే చెప్తాను. వాళ్లు తల దించుకుని వింటారు, ప్రశ్నలు అడగరు.

మొన్న కూరగాయల మార్కెట్లో నాలుగో మంచం ఆమె కనిపించింది. చిక్కుడుకాయలు ఏరుకుంటోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది. పక్కకు తప్పుకుందామనుకున్నాను, కాని అప్పటికే ఎదురెదురుగా ఉన్నాం.

"బాగున్నవా అక్కా?" అన్నాను.

"బాగనే ఉన్న."

"కడుపుల నొప్పి గిట్ల ఏమన్న..."

"లేదు. ఇప్పుడైతె లేదు." చిక్కుడుకాయల వైపు చూస్తూ అంది, "నువ్వు చెప్పకపోతె మాకు తెల్వకపోవు. మా ఆయన గూడ గదే అంటడు." తర్వాత సంచి భుజానికి వేసుకుంది. "ఐనా గా దవాఖానకైతె నేను మల్ల రాను."

"సరే అక్కా," అన్నాను.

ఆమె ఉల్లిగడ్డల బండి దాటి జనంలోకి వెళ్లిపోయింది. చిక్కుడుకాయలు అమ్మే ఆమె "ఎన్నియ్యాలె బిడ్డా?" అని రెండుసార్లు అడిగింది. "పావుకిలో," అన్నాను. ఒక్కదానికి అవే ఎక్కువ.